రెండోసారి మోగే గంట

తప్పు చేసిన మనిషే ఎదురుగా నిలబడి, ఇది నా తప్పు, దిద్దుకోనివ్వండి అని అడుగుతుంటే, కాదు, ఇది తప్పే కాదు పొమ్మని అడ్డుపడే అధికారం ఎవరు ఎవరికిచ్చారు? ఆర్డిస్ క్విస్ట్ ఈ ప్రశ్నను ఎనభై ఏడో సంవత్సరం ఫిబ్రవరిలో, మినియాపొలిస్ శివార్లలోని ఒక హోటల్లో, ఇరవై ఆరుగురు విద్యాధికుల ఎదుట అడిగింది. ఇంతవరకు ఒక్కరూ జవాబు చెప్పలేదు.

ఆ ఉదయం ఆమె వేసుకున్న పథకం చాలా చిన్నది. తెల్లవారకముందే తన ఊరు దులూత్‌లో కారెక్కి, మంచు ముదరకుండా హోటల్ చేరుకోవాలి. అక్కడ కూర్చునే కంప్యూటర్ ప్రమాణాల సంఘం చేత ఒక్క మాట మార్పించుకోవాలి. ఇంట్లో చేసి తెచ్చిన లెమన్ బార్లు, అంటే నిమ్మరసం తీపి ముక్కలు, నలుగురికీ పంచి, మధ్యాహ్న భోజనానికి ముందే తిరుగుదారి పట్టాలి. వారి ముసాయిదాలో "రెండుసార్లు" అన్నచోట "ఒకసారి" అని ఉండాలి. అంతకు మించి ఆమె ఎవరినీ ఏమీ కోరలేదు.

టామరాక్ అనే ఆపరేటింగ్ సిస్టమ్‌ను వాడేవారికి ఒక సంఘముంది. ఏటా వేసవిలో వారంతా ఒకచోట కలుస్తారు. ఎవరు రాసిన ప్రోగ్రాములను వారు ఒకే టేపు మీదికి ఎక్కించి, ఆ టేపుకు నకళ్ళు తీసుకుని ఇళ్ళకు పట్టుకుపోతారు. ఇచ్చినవారు ధర అడగరు, పుచ్చుకున్నవారు మొహమాటపడరు. దులూత్ గ్రంథాలయంలో కంప్యూటర్లు చూసుకునే ఆర్డిస్, ఆరేళ్ళ క్రితం ఆ టేపుకు ఒక చిన్న ప్రోగ్రామును సమర్పించింది. వేళ చెప్పి వదిలేస్తే ఆ వేళకు గంట మోగించడమే దాని పని. అయితే టేపు వెళ్ళిపోతోందన్న తొందరలో గంట మోగించమని చెప్పే వరుసను ఆమె రెండుసార్లు టైపు కొట్టింది. ఇంటికి వచ్చాక చూసుకుని సిగ్గుపడి, తమ గ్రంథాలయం వరకు సరిచేసుకుంది. టేపు మాత్రం అప్పటికే ఖండమంతా పాకిపోయింది.

ఇప్పుడు సమస్య ఏమిటంటే, టామరాక్‌ను ఒక్కో కంపెనీ ఒక్కో తీరుగా అమ్ముతున్నందువల్ల, అన్నిచోట్లా అది ఒకేలా నడవాలని ప్రమాణాల సంఘం ఒకటి ఏర్పడింది. కొత్తవి కనిపెట్టరాదు, జనం ఇప్పటికే వాడుతున్నదే రాయాలన్నది ఆ సంఘం పెట్టుకున్న వ్రతం. ఆ వ్రతం ప్రకారం వారు ఆర్డిస్ ప్రోగ్రామును కూడా ప్రమాణంలో చేర్చారు. "నిర్ణీత సమయమున గంట రెండుసార్లు మోగవలెను" అని రాశారు. ఆ రోజు ఓటు పడితే మళ్ళీ ఐదేళ్ళదాకా దాన్ని ఎవరూ కదపలేరు. పదిమందికీ పనికొచ్చే వస్తువును ఆమె తన జన్మలో ఒక్కటే తయారుచేసింది. అది తప్పుతో సహా అచ్చుకెక్కబోతోంది.

"రెండు నిమిషాల పని," అంది ఆర్డిస్, తన వంతు రాగానే. "అక్కడ 'రెండుసార్లు' కొట్టేసి 'ఒకసారి' అని రాసుకోండి. ఆ ప్రోగ్రాము రాసింది నేనే. పొరపాటున ఒక వరుస రెండుసార్లు పడింది."

అధ్యక్షుడు హర్షెల్ ప్రూట్ టెక్సస్ నుంచి వచ్చిన నిదానస్తుడు. "ఎవరికైనా అభ్యంతరమా?" అని మాటవరసకు అడిగాడు. తొమ్మిది చేతులు లేచాయి.

మొదట లేచినవాడు డెల్మర్ వోయ్‌చిక్. విస్కాన్సిన్‌లో పాడి నడుపుతాడు, పాకలో టామరాక్ కూడా నడుపుతాడు. "చూడండమ్మా, నా ఆవులు మొదటి మోతకి తలెత్తుతాయి. రెండో మోతకి పాలు పితికే చోటికి నడుస్తాయి. మీరు ఒక్కసారే మోగించారనుకోండి, తలెత్తుకుని అలాగే నిలబడిపోతాయి తల్లీ."

"మళ్ళీ నేర్పుకోలేరా?"

"ముసలి ఆవులండీ. ఒక్కోదానికి ఒక్కో పట్టుదల. ఈ గదిలో వాళ్ళని చూస్తున్నారుగా, అచ్చం అలాంటివే."

గది గొల్లుమంది. నవ్వు సద్దుమణగకముందే, పెద్ద కంప్యూటర్ల కంపెనీ తరఫున వచ్చిన గోర్డన్ సిస్క్ గొంతు సవరించుకున్నాడు. "రెండుసార్లు మోగుతుందని మేం పుస్తకాలు కూడా అచ్చేసేశామండీ."

"మీ పుస్తకాల కోసం నా తప్పు శాశ్వతంగా ఉండిపోవాలా?"

"అబ్బే, శాశ్వతంగా కాదండీ. ఐదేళ్ళే."

ఆర్డిస్ బదులు చెప్పబోయేంతలో, వెనక వరసలోంచి తెల్లగడ్డం పెద్దమనిషి ఒకాయన కుర్చీలు తప్పించుకుంటూ వచ్చి ఆమె చేతిని రెండు చేతులతో పట్టుకున్నాడు. హాలిఫాక్స్ విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పే ప్రొఫెసర్ ఎమ్రిస్ పగ్. గంట రెండుసార్లే ఎందుకు మోగాలో వివరిస్తూ ప్రమాణం చివర మూడు పేజీల వ్యాఖ్య రాసింది ఆయనే.

"ఆ రెండో మోత మీదేనా! ఎన్నాళ్ళ నుంచి మిమ్మల్ని చూడాలనుకుంటున్నానో! మొదటి మోత అనుమానం, రెండోది ఆజ్ఞ. మనిషి స్వభావాన్ని ఇంత లోతుగా చదివిన ప్రోగ్రాము ఇంకోటి లేదండీ."

"నేనేమీ చదవలేదు. చెయ్యి జారింది."

"గొప్పవాళ్ళందరూ అలాగే అంటారు," అన్నాడాయన జాలిగా. "ఏమీ అనుకోకండి, మీ ప్రోగ్రాము మీకే సరిగ్గా అర్థం కాలేదు."

చదువుకున్న స్త్రీకి ఆమె చేసిన పనిని ఆమెకే వివరించి చెప్పే పురుషులు ప్రతి దేశంలోనూ పుష్కలంగా ఉన్నారు. వారిలో పొగుడుతూ వివరించేవాడు మాత్రం అరుదు. అందువల్ల ఆర్డిస్‌కు ఏ వైపు నుంచి కోపగించుకోవాలో వెంటనే తోచలేదు. ఆ సందు చూసుకుని ఎవరో, అసలు మొదటి మోతకూ రెండో మోతకూ మధ్య ఎంత ఎడముండాలో ముసాయిదాలో రాయనే లేదే అన్నారు.

గది ఉలిక్కిపడింది. నిజమే, రాయలేదు.

"ఈ విషయం ముందు కదిపింది ఎవరు?" అన్నాడు హర్షెల్. అన్ని కళ్ళూ ఆర్డిస్ మీద వాలాయి. గోడకు చిల్లుందని చెప్పినవారి చేతికే తాపీ అందించడం ఆ సంఘం ఆనవాయితీ. నిమిషంలో రెండో మోత మీద ఉపసంఘం ఏర్పడింది. రెండో మోతను తీసేయించడానికి వచ్చిన ఆర్డిస్ దానికి అధ్యక్షురాలైంది.

పక్కగదిలో ఉపసంఘం కూర్చుంది. లెమన్ బార్లు మధ్యలోకి వచ్చాయి. అర సెకను చాలన్నాడు గోర్డన్. అర సెకనులో ఆవు తలెత్తలేదన్నాడు డెల్మర్. మనిషికి అనుమానం పుట్టి పెరిగేంత వ్యవధి కావాలన్నాడు ప్రొఫెసర్. విసిగిపోయిన ఆర్డిస్, ఎన్నిసార్లు మోగాలో వాడేవారే చెప్పుకుంటారు పొమ్మని రాజీ ప్రతిపాదించింది. అదే ఆమె చేసిన రెండో పొరపాటు. వెర్మాంట్‌లో ఒక సన్యాసుల మఠానికి కంప్యూటర్లు చూసిపెట్టే హెస్టర్ లాంబ్ అనే ఆవిడ, తలుపు దగ్గర నిలబడి అంతా వింటున్నదల్లా లోపలికి వచ్చేసింది.

"అయితే సున్నాసార్లు అని కూడా చెప్పుకోవచ్చా? మా మఠంలో మౌనవ్రతం."

"మోగని గంటకి వేళ దేనికమ్మా?" అన్నాడు డెల్మర్.

"మోగకపోతే మాత్రం? వేళకి మోగకుండా ఉండాలి కదండీ."

దీనిపై చర్చ మధ్యాహ్న భోజనాన్ని మింగేసింది. సున్నాసార్లు మోగడమూ మోగడమేనా అన్న ప్రశ్న పెద్ద గదికి పాకి, అక్కడ రెండు పక్షాలను సృష్టించింది. కిటికీ అవతల మంచు కార్ల చక్రాలను పూడ్చేసి అద్దాలను అందుకోబోతోంది. దులూత్ దారి మూసేశారని హోటలువారు వచ్చి చెప్పి వెళ్ళారు. అప్పుడు ఆర్డిస్ పెద్ద గదికి తిరిగివచ్చి, ఈ కథ మొదట్లో ఉన్న ప్రశ్నను ఒక్క మాట తడబడకుండా అడిగింది.

హర్షెల్ కాఫీ కప్పు పక్కన పెట్టాడు.

"దానికి జవాబు నాకు తెలీదు ఆర్డిస్. కానీ దారి ఒకటుంది. జనం వాడుతున్నదే రాయాలనేగా మన నియమం. ఎక్కడైనా ఒక్కచోట, ఒక్కసారే మోగుతూ, దానివల్ల ఎవరికీ ఇబ్బంది లేదని తేలిందనుకోండి, అదీ వాడుకే. అప్పుడు మీ మాటే రాసేస్తాం."

"మా గ్రంథాలయంలో ఆరేళ్ళుగా ఒక్కసారే మోగుతోంది!"

ఇంత సులువైన సాక్ష్యాన్ని పొద్దున్నే ఎందుకు చూపలేదా అని ఆమె తన మీదే విసుక్కుంది. పుస్తకాలు మళ్ళీ అచ్చేయిస్తామన్నాడు గోర్డన్, నీరసంగా. "సరే, ఆవులకి నేను నచ్చజెప్పుకుంటాలెండి," అన్నాడు డెల్మర్, పశువులకు ఏ మొహంతో చెప్పాలో తెలియనివాడిలా. ఓడిపోతూ కూడా వారెవరూ గొణగలేదు. నియమం నియమమే. అందరికీ వినిపించే ఫోను ఒకటి బల్ల మీదికి తెచ్చి, దులూత్ గ్రంథాలయానికి పెద్ద అయిన వెర్నా మాకీని పిలిచారు.

"వెర్నా, నేను ఆర్డిస్‌ని. ఇక్కడ చాలామంది వింటున్నారు. సాయంత్రం మూసేటప్పుడు మన గంట ఎన్నిసార్లు మోగుతుందో వీళ్ళకి కాస్త చెప్పు."

"రెండుసార్లు."

"ఒకసారి, వెర్నా. నేను సరిచేశాను కదా!"

"చేశావు తల్లీ, చేశావు. నువ్వు సరిచేసిన వారమంతా చదువుకునేవాళ్ళు ఒక్కరు కుర్చీలోంచి లేస్తే ఒట్టు! పక్కవాడి మిషనేదో కూసింది అనుకుని మళ్ళీ పుస్తకంలో తల దూర్చేవాళ్ళు. ఒక్కొక్కళ్ళనీ భుజం తట్టి లేపలేక చచ్చాను. చివరికి టేపులోంచి నీ పాతది తీసి పెట్టేశా. రెండోసారి మోగితే ఇది తమకేనని తెలిసి లేస్తారు."

"ఆరేళ్ళ నుంచీ? నాకెందుకు చెప్పలేదు?"

"నువ్వు నాలుగింటికే ఇంటికి పోతావు, మూసేది నేను. పైగా సరిచేశానని అంత సంబరపడ్డావు, నేనెందుకు చెడగొట్టాలి? సరేగాని, ఇక్కడ మంచు దంచి కొడుతోంది. బుద్ధిగా రాత్రికి అక్కడే పడుకో."

ఫోను ఆగింది. ఆ క్షణంలో ప్రొఫెసర్ పగ్ ఏమన్నా ఆర్డిస్ భరించవలసిందే. ఆయన వ్యాఖ్యలోని ప్రతి వాక్యాన్నీ వెర్నా తెలియకుండానే సమర్థించింది. ఆయన మాత్రం మిగిలిన తీపి ముక్కల పళ్ళేన్ని నెమ్మదిగా ఆమె వైపు జరిపి, కిటికీలోంచి మంచును చూస్తూ కూర్చున్నాడు.

ఆర్డిస్ ఆ గదిని తేరిపార చూసింది. వీరిలో చాలామంది సెలవు పెట్టి, సొంత ఖర్చులతో, ఈ చలిలో వచ్చినవారు. పొద్దుటినుంచీ వారు మొండిగా, నిర్దయగా, చాదస్తంగా వాదించారు. నిజమే. కానీ ఎవరి కోసం? ఒకరు పశువుల కోసం, ఒకరు సన్యాసుల కోసం, ఒకరు ఎక్కడో ఆ పుస్తకం తెరిచి నమ్మబోయే అపరిచితుడి కోసం. ఆ గదిలో తన కోసం తాను మాట్లాడిన మనిషి ఒక్కరే ఉన్నారు. ఆ మనిషి పేరు ఆమెకు బాగా తెలుసు.

"సవరణ వెనక్కి తీసుకుంటారా?" అని హర్షెల్ మెత్తగా అడిగాడు.

"తీసుకుంటాను. రెండుసార్లే మోగాలి. మధ్యలో ఎడం మాత్రం నా ప్రోగ్రాములో ఎంతుందో అంతే ఉండాలి. వెంట్రుకవాసి మారినా ఊరుకోను."

"ఎంతుంది?"

"నాకు తెలీదు. ఆయన ఆవుల్ని అడగండి."

"తలెత్తేంత ఉందండీ," అన్నాడు డెల్మర్, వెలిగిపోతూ. "సరిగ్గా సరిపోతుంది."

ఓటు పడింది. ఒక్క చేయి కూడా వ్యతిరేకంగా లేవలేదు. ఆ సంఘం పుట్టాక ఏకగ్రీవంగా నెగ్గిన వాక్యం అదొక్కటే. వ్యాఖ్య చివర, ఇది రచయిత్రి బుద్ధిపూర్వకంగా చేసినది కాదు అనే వాక్యం చేర్చాలని ఆర్డిస్ పట్టుబట్టింది. తగిన ఆధారాలు లేవంటూ తొమ్మిదిమంది అభ్యంతరం చెప్పడంతో ఆ వాక్యం వీగిపోయింది.

మీరు చేసిన వస్తువేదైనా మీ చేయి దాటి లోకంలో తిరుగుతోందా? దిద్దడానికి చేతులు దురద పెడుతున్నాయా? ముందు వెళ్ళి, దాన్ని వాడుతున్నవారిని అడగండి. అడిగి వచ్చేదాకా దేన్నీ ముట్టుకోకండి.