పచ్చయమ్మ వాయిదా భాగ్యం

కోర్టు వాయిదాలను తిట్టేవాళ్ళంతా తెలివితక్కువవాళ్ళు! వాయిదాలే లేకుంటే పొదటూరుపేట పక్కపల్లె పచ్చయమ్మ లోకం చూసేదా?

భర్త పోయిన ఏడాదే ఆమె చేనికి పోయే బండిదోవకు బావ రత్నస్వామి ముళ్ళకంప అడ్డం వేశాడు. వేరుశనగ ఇంటికి చేర్చే దారి లేక పచ్చయమ్మ కేసు వేసింది. అప్పట్లో నెత్తిన మూటతో పరుగెత్తగల మనిషి ఆమె.

మొదటి వాయిదాకు జడ్జిగారు సెలవు. రెండోదానికి ఎదుటి వకీలుకు జ్వరం. ఆపైన ఆడికృత్తిక పండగ, తిరుత్తణి కొండకు పోయే కావళ్ళ రద్దీలో బస్సే కదల్లేదు. ఒకసారి అందరూ వచ్చారు, కేసుకట్ట రాలేదు! అన్యాయమంటారా? ఆవకాయే ఊరనిదే రుచి రాదు, న్యాయానికి మాత్రం తొందరా?

పల్లె దాటని మనిషికి స్టే, అఫిడవిట్ నోటికొచ్చాయి. అంతేనా? ఊళ్ళో ముఖాలు చూసుకోని ఇద్దరూ ఒకే బస్సెక్కి, ఒకే వరండాలో కూర్చునేవాళ్ళు. ఒకనాటి మధ్యాహ్నం ఆమె సద్దిమూట విప్పితే రత్నస్వామి గుటకలు మింగాడు.

"ఏమి బావా, సాపాటు తెచ్చుకోలేదా?"

"తెల్లార్తోనే బస్సు పట్టినాను మే. యాడ తినేది?"

"ఇంద, తిను. నువ్వు కళ్ళు తిరిగి పడితే మళ్ళా వాయిదా వేస్తారు."

ఆనాటినుంచీ మూటలో రెండు ముద్దలు. బస్సు కిటికీలోంచి తువ్వాలు విసిరి ఆమెకు సీటు పట్టేది ఆయనే! చుట్టరికం మళ్ళీ చిగురించింది. కంప మాత్రం కదల్లేదు.

"ఇంగ తీసేయగూడదా బావా?"

"నాకూ తీయాలనే ఉండాది మే. కేసు నడస్తావుంటే ముట్టగూడదంట, వక్కీలు చెప్పినాడు."

చూశారా, చట్టమంటే ఎంత గౌరవమో!

ఏళ్ళు గడిచి, చేనంతా తుమ్మలు మొలిచాక తీర్పు వచ్చింది. ఇంగ్లీషులో చదివారు. పచ్చయమ్మ వకీలు చంకలు గుద్దుకుంటూ వరండాలోకి వచ్చాడు.

"గెలిచినామమ్మా! దోవ నీదే!"

ఆమె గోడ పట్టుకుని, మోకాళ్ళలో సత్తువ కూడదీసుకుని లేచింది. రత్నస్వామి తల దించుకుని చెయ్యి అందించాడు. ఆ చెయ్యి పట్టుకుని ఒక్కో మెట్టూ దిగుతూ అడిగింది.

"సంతోషం వక్కీలయ్యా. దోవ ఇచ్చినారు, సరే. దాంట్లో నడిచేదానికి కాళ్ళు ఎవురిస్తారు?"

వకీలు కేసుకట్ట చంకన సర్దుకున్నాడు.

"దానికి పైకోర్టుకు పోవాలమ్మా!"