ముత్తుకూరులో పోర్టంటే ఒక్కటే

ఆ గురువారం పొద్దున రెబెక్కమ్మ అనుకున్న పనులు రెండే. పదకొండింటికల్లా రెండు వందల నలభై భోజనం పొట్లాలు కట్టి, టైటస్ ఆటోలో పోర్టు దగ్గర లారీల యార్డుకు పంపాలి. పన్నెండింటికి సుకుమార్ గారు వస్తే కంప్యూటర్ చూపించాలి. మొదటిది ఆవిడ తొమ్మిదేళ్లుగా చేస్తున్న పని. రెండోది కోడలు సుభాషిణి పని.

సుకుమార్ గారు ఒక కంపెనీలో క్యాంటీన్ వ్యవహారాలు చూసే ఆఫీసరు. రోజూ మూడు వందల మందికి మధ్యాహ్న భోజనం పంపే పని ఎవరికివ్వాలన్నది ఆయన చేతిలో ఉంది. వానాకాలంలో లారీలు తగ్గినప్పుడల్లా వంటింట్లో ఆరుగురు ఆడవాళ్లలో ముగ్గురిని రావద్దని చెప్పాల్సి వచ్చేది. ఆ మాట చెప్పిన రోజు రెబెక్కమ్మకు ముద్ద దిగేది కాదు. ఈ పని దొరికితే ఇక ఎవరికీ ఆ మాట చెప్పక్కర్లేదు.

సుకుమార్ గారి షరతు ఒక్కటే. కంప్యూటర్లో ఎంత సరుకు ఉందని చూపిస్తే గదిలో అంతే ఉండాలి, గింజ ఎక్కువా కాకూడదు, తక్కువా కాకూడదు. అప్పటికి ఆయన చూసిన నాలుగు మెస్సుల్లోనూ పుస్తకానికీ గదికీ పొంతన కుదరలేదు.

సుభాషిణి బీకాం చదివింది. మూతపడిన నెట్ సెంటర్ నుంచి ఒక పాత కంప్యూటర్ కొని, విండోస్ వేస్తే అది మూలుగుతోందని తేలికగా నడిచే లినక్సు వేసింది. దాని మీద సరుకులు, ఆర్డర్లు, బిల్లులు అన్నీ చూసుకునే సాఫ్ట్‌వేర్ ఒకటి ఎక్కించాలి. అది ఓపెన్ సోర్సు. ఎవరైనా ఉచితంగా దింపుకోవచ్చు, కావాలంటే విప్పి మార్చుకోవచ్చు కూడా. ఈ సంగతి విన్న రోజునుంచీ రెబెక్కమ్మకు అనుమానమే.

"ఊరికే ఎవురిస్తారుమే? వాళ్లకేం పనీపాటా ల్యా?" అని రెండు రోజులు అడిగి ఊరుకుంది.

తొమ్మిదింటికి సుభాషిణి నల్ల తెర ముందు కూర్చుని ఆదేశాలు కొట్టడం మొదలుపెట్టింది. పావుగంట బాగానే నడిచి, చివర్లో పోర్టు ఖాళీగా లేదని ఎర్రక్షరాలు పడ్డాయి. కంప్యూటర్లో సాఫ్ట్‌వేర్లు రాకపోకలు చేసే ద్వారాలను పోర్టులంటారు. ఒక్కో ద్వారానికి ఒక్కో నంబరు ఉంటుంది. ఆదివారం నాడు సగంలో వదిలేసిన పాత సాఫ్ట్‌వేర్ సరిగ్గా ఆ ద్వారంలోనే తిష్ఠ వేసింది. అలాంటి దాన్ని ఆపడాన్ని కంప్యూటర్ వాళ్లు చంపడం అంటారు. సుభాషిణి నెల్లూరులో కంప్యూటర్ ఉద్యోగం చేసే స్నేహితురాలు ప్రత్యూషకు ఫోన్ చేసింది. పక్కన గ్రైండర్ తిరుగుతోంది కాబట్టి అరిచి మాట్లాడక తప్పలేదు.

"ప్రత్యూషా, పోర్టు బ్లాక్ అయిపోయిందే! పాతోడు లోపల కూర్చోనుండాడు, లేవడంల్యా!"

పక్క గదిలో కత్తిపీట ముందు వంకాయలు తరుగుతున్న రెబెక్కమ్మ చెయ్యి ఆగింది.

"చంపినా కదే! రెండు తూర్లు చంపినా. మళ్లా లేస్తాండాడు!"

రెబెక్కమ్మ వంకాయ కింద పెట్టేసింది. ముత్తుకూరులో పోర్టంటే ఒక్కటే. అది మూతపడితే లారీలు ఆగుతాయి, లారీలు ఆగితే పొయ్యి ఆగుతుంది. లోపలికి వెళ్లి ఒక్క మాట అడిగితే సరిపోయేది. కానీ కోడలు ఫోన్లో ఉన్నప్పుడు అడ్డం పోకూడదని కొడుకు పెళ్లయిన వారంలోనే ఆవిడ నియమం పెట్టుకుంది. మంచి అత్తగా పేరు తెచ్చుకోవాలన్న ఆ ఒక్క బుద్ధే కొంప ముంచింది.

బయట టైటస్ ఆటో తుడుచుకుంటున్నాడు.

"టైటస్, పోర్టు బ్లాకంట. ఎవురో పెద్దాయన లోపల కూర్చోని లేవడంలేదంట. రెండు తూర్లు చంపినారంట."

"రెండు తూర్లెట్ట చంపుతారక్కా?"

"నాకేం తెలుసు? నెల్లూరు నుంచి ఆ పిల్ల చెప్తాంది."

నెల్లూరు నుంచి వచ్చిన కబురు కాబట్టి టైటస్ నమ్మాడు. నాలుగు వందల మంది డ్రైవర్లున్న వాట్సాప్ గ్రూపు ఒకటి అతని ఫోన్లో ఉంది. వచ్చిన కబురును వచ్చినట్టే పంపడం అతని స్వభావంలో లేదు. "అన్నలారా, పోర్టు బ్లాకు. లోపల పెద్దాయన ధర్నా. ప్రాణం పోయినా లేవనంటాండాడు. యాడోళ్లు ఆడ్నే ఆగండి" అని గొంతు రికార్డు చేసి పెట్టాడు. ఆ పెద్దాయన కొడవలూరు చేరేసరికి యాభైమంది పెద్దమనుషులయ్యాడు. చిల్లకూరు చేరేసరికి రెండు వందల మంది అయ్యాడు, ఒకాయన పోయాడు కూడా. చెన్నై వైపు నుంచి వచ్చే లారీలు చిల్లకూరు దగ్గర, విజయవాడ వైపువి కొడవలూరు దగ్గర రోడ్డు పక్కన వరసగా నిలిచిపోయాయి. ఎప్పుడు కదలాలో తెలియక ఎవరూ దిగి టిఫిను కూడా తినలేదు.

లారీలే లేనప్పుడు పొట్లాలెందుకని రెబెక్కమ్మ వంద మందికే ఎసరు పెట్టించింది.

పదిన్నరకు ప్రత్యూష అసలు కిటుకు చెప్పింది. పాతోణ్ణి చంపడం కాదు, వాణ్ణి వెనక నుంచి మళ్లీ లేపుతున్న ఇంకో ప్రోగ్రామును ఆపాలి. సుభాషిణి ఆపింది. ద్వారం ఖాళీ అయింది, సాఫ్ట్‌వేర్ ఎక్కింది, తెర మీద తెల్లగా కొత్త పేజీ వచ్చింది. వారం రోజుల అవస్థ ఒక్కసారిగా తీరేసరికి ఆ పిల్ల కుర్చీలోంచి లేచి కేక వేసింది.

"పోర్టు ఓపెనయిందీ!"

"స్తోత్రం ప్రభువా!" అని రెబెక్కమ్మ వాకిట్లోకి పరిగెత్తింది. "టైటస్, తెరిచినారంట!"

టైటస్ మళ్లీ ఫోను అందుకున్నాడు. "అన్నలారా, పోర్టు ఓపెన్. ముందొచ్చినోళ్లకు ముందు."

ఆ చివరి మాట ఎందుకన్నాడో అతనికే తెలియదు. రెండు వైపుల నుంచీ లారీలు ఒక్కసారిగా బయల్దేరాయి.

లోపల సుభాషిణి బియ్యం, కందిపప్పు, నూనె, గుడ్లు, ఉల్లిగడ్డలు, ఇలా తొమ్మిది సరుకుల పేర్లు ఎక్కించింది. ప్రతి పేరు ఎదురుగా సాఫ్ట్‌వేర్ తనంతట తాను సున్నా పెట్టింది. గదిలోకి వెళ్లి సరుకు చూసి వచ్చి అంకెలు వేద్దామని లేచేసరికి బయట పోర్టు రోడ్డు మీద హారన్లు మొదలయ్యాయి.

"అమ్మాయ్, ఆ డబ్బా వదిలిపెట్టి గమ్మున రా! వడ్డించు!"

పొద్దున్నుంచి టిఫిను లేని డ్రైవర్లు అరవై మంది వాకిట్లో ఉన్నారు. వాళ్లు తింటుండగా వంద మంది, ఆ వెనక ఇంకో రెండు వందల మంది వచ్చారు. ఆకలిగా వచ్చిన మనిషిని ఉత్త చేతులతో పంపడం రెబెక్కమ్మకు చేతకాదు. మిగిలిన మూడు బస్తాల బియ్యమూ వరసగా ఎసట్లో పడ్డాయి. కొత్త లోడు సాయంత్రానికి గాని రాదు. సాంబారు అయిపోతే గుడ్డు పెట్టారు, గుడ్లయిపోతే ఉల్లిగడ్డలు వేయించి వేశారు. చివరి పది మందికి అన్నంలో ఉప్పు, చింతపండు పులుసు. ఆ పది మందే భోజనం ఇంటి వంటలా ఉందన్నారు.

రెండుంపావుకు సుకుమార్ గారు చెమటలు కక్కుతూ నడిచి వచ్చారు. కారు కిలోమీటరు వెనక లారీల మధ్య ఇరుక్కుంది.

"ఏం జామమ్మా ఇది! పోర్టు బ్లాకంట కదా. ఎవరో పెద్దాయన చనిపోయినాడంట."

"పాపం, రెండు తూర్లు చనిపోయినాడు సార్" అంది రెబెక్కమ్మ కొంగుతో ముఖం తుడుచుకుంటూ.

సుభాషిణి గరిటె కింద పెట్టేసింది. ఆ రోజంతా ఏం జరిగిందో ఆ ఒక్క మాటతో ఆమెకు అర్థమైంది. నవ్వు రాలేదు, ఏడుపొచ్చింది. తను ఒక్క కేక నెమ్మదిగా వేసి ఉంటే గదిలో సరుకు ఉండేది, కంప్యూటర్లో అంకెలు ఉండేవి, కంపెనీ పని దొరికేది.

"సార్, నేనొక మాట చెప్పాల..." అని మొదలుపెట్టింది.

"ముందు స్టాకు చూపించమ్మా. ఇప్పటికే ఆలస్యమైంది" అని ఆయన కంప్యూటర్ ముందు కూర్చున్నారు. కళ్లజోడు సవరించుకుని తెర మీదిది చదువుకుంటూ కాగితం మీద రాసుకున్నారు. "బియ్యం సున్నా. కందిపప్పు సున్నా. నూనె సున్నా..." తొమ్మిదీ రాసుకుని లేచారు. "గది ఎక్కడ?"

రెబెక్కమ్మ గది తలుపు తీసింది. దులిపేసిన బస్తాలు మడత పెట్టి ఉన్నాయి. నూనె డబ్బాలు, ఉప్పు జాడీ బోర్లించి ఉన్నాయి. మూలన ఒకే ఒక ఉల్లిగడ్డ దొర్లి పడి ఉంది. టైటస్‌కు కంప్యూటర్ గురించి ఏమీ తెలియకపోయినా ఆఫీసర్ల గురించి తెలుసు. చెప్పు సరిచేసుకుంటున్నట్టు వంగి ఉల్లిగడ్డను జేబులో వేసుకున్నాడు.

సుకుమార్ గారు అరలన్నీ వేలితో తడిమి చూశారు. డబ్బాలు ఊపి చూశారు. సుభాషిణి గోడకు ఆనుకుని కళ్లు మూసుకుంది.

"పదిహేనేళ్ల సర్వీసమ్మా నాది" అన్నారాయన చివరికి. కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "కంప్యూటరూ గదీ ఇట్ట తూచినట్టు సరిపోవడం ఇదే చూడటం. సోమవారం నుంచి మొదలుపెట్టండి."

రెబెక్కమ్మ వంటింటి గడపలో నిలబడిన ఆరుగురి వైపూ తిరిగి తల ఊపింది. సుభాషిణి ఏదో చెప్పబోతే కాలు తొక్కింది.

సుకుమార్ గారు మళ్లీ కంప్యూటర్ దగ్గరికి వచ్చి పెన్ను తీసి, ఒప్పందం కాగితం మీద సంతకం పెట్టబోతూ ఆగారు.

"మధ్యాహ్నం నుంచి జాములోనే ఉండానమ్మా. ఏమైనా ఒక ముద్ద ఉంటే..."

తొమ్మిదేళ్లలో ఆ వాకిట్లో అడిగి లేదనిపించుకున్న మనిషి లేడు. రెబెక్కమ్మ కోడలి వైపు చూసింది. సుభాషిణి తెరను ఆయన వైపు తిప్పింది.

ఆయన బియ్యం సున్నా అన్న మొదటి వరస మళ్లీ చదువుకుని, మెచ్చుకోలుగా తల ఊపి, ఆకలితోనే సంతకం చేశారు.