ఒకే ఒక్క మద్దతుదారు

ప్రభుత్వానికి మద్దతుగా కొత్తవలసలో పెట్టిన సభకు, రైల్వేలో గుమాస్తాగా రిటైరైన జీవరత్నం పొద్దున్నే తయారయ్యాడు. ఆయనకు ప్రభుత్వం మీద ప్రేమా లేదు, కోపమూ లేదు. భార్య మెర్సీ పోయాక ఇంట్లో కుక్కరు కూత తప్ప మరో చప్పుడు లేదు. సభలో అయితే పక్క కుర్చీలో ఎవరో ఒకరు కూర్చుంటారు కదా! అందుకే అందరికంటే ముందు వెళ్లి, ఖాళీ కుర్చీల మధ్య కూర్చుని దారికేసి చూడసాగాడు.

అప్పుడే దిగిన ఒక విదేశీ టీవీ వాళ్లు ఆయన్ని వీడియో తీసుకుని, రైలుకు టైమైందని వెళ్లిపోయారు. ఆ తర్వాత మైదానంలో కాలు పెట్టే చోటు లేనంత జనం వచ్చారు. మర్నాడు ప్రపంచం చూసిన వార్త మాత్రం ఇది: "ప్రభుత్వ సభకు ఒకే ఒక్క మద్దతుదారు."

సభ నడిపిన నూకయ్య రొప్పుతూ వచ్చాడు.

"ఏటి మావా ఇది? ఇంత జనాన్ని తోలుకొస్తే నీ ఒక్కడి మొకమే సూపిస్తన్నారు!"

"ఎవులైనా మాట్టాడతారేమోనని ముందెల్లాన్రా."

"పరువు పోనాది. రేపు జనాన్ని నీ ఇంటికే తెస్తాను. నీ సుట్టూ నిలబెట్టి వీడియో తీయించి ఆలకే పంపుతాను. అప్పుడేటంటారో సూద్దాం!"

జీవరత్నం పండగ వచ్చినట్టు ఇల్లు ఊడ్చాడు. పక్కింట్లో గ్లాసులు అడిగి తెచ్చి టీ పెట్టాడు. జెండాలతో వీధి నిండిపోయింది. ఒక్కొక్కరి పేరూ అడుగుతూ, "కూకోండి, తొందరేటి?" అని బతిమాలాడు. నిలబడితేనే జనం ఎక్కువగా కనిపిస్తారని నూకయ్య ఎవరినీ కూర్చోనివ్వలేదు. జై కొట్టి, టీ తాగి, అందరూ వెళ్లిపోయారు.

ఆ వీడియోను టీవీ వాళ్లు వేశారు. కింద ఇలా రాశారు: "సభ గుట్టు బయటపెట్టిన వృద్ధుడి ఇంటిని చుట్టుముట్టిన ప్రభుత్వ మూక."

వెంటనే నూకయ్య ఫోన్ చేశాడు. "నీ ఈదిలోకి మావోల్లెవులూ అడుగెట్టకూడదని పైనుంచి సెప్పినారు మావా. నాను కూడా రాను. ఏటీ అనుకోకు."

గొడవ మనకెందుకని ఇరుగుపొరుగు కూడా తలుపులు వేసుకున్నారు.

సాయంత్రం మళ్లీ ఫోన్ మోగింది. ఆ టీవీలో పనిచేసే తెలుగమ్మాయి, సంహిత. "బాగున్నారా అండీ? ఒంటరిగా భయంగా ఉందా?" అని అడిగింది.

మెర్సీ పోయాక ఆ మాట అడిగిన మొదటి మనిషి ఆమే. జీవరత్నం కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"బయమేటమ్మా, ఇంటికొచ్చినోల్లంతా మంచోల్లే. ఇంకాసేపు ఉంటే బాగున్ను" అని మొదలుపెట్టి, మెర్సీ వండే చేపల పులుసు, చర్చిలో ఆవిడ పాడే పాట, ఇప్పుడు ఇద్దరికి వండి ఒక్కడే తినడం, అన్నీ ఫోన్‌లో ఛార్జింగ్ అయిపోయేదాకా చెప్పాడు.

మర్నాటి వార్త చివరి వాక్యం: "దీనిపై మాట్లాడటానికి ఆయన నిరాకరించారు."