మోతాదు మించిన మంచిమాట

ఆ సోమవారం పొద్దున పళ్లు తోముకుంటూనే సూపర్‌వైజరు మనసులో మనుషుల్ని ఎంచుకున్నాడు. ముగ్గురు. ఒకరు ఇంట్లో, ఒకరు ఫోన్లో, ఒకరు ప్రెస్సులో. పదకొండు గంటలకల్లా పని అయిపోతుంది. ఆ తర్వాత మామూలుగా ఉండొచ్చు.

ఆయన ఒక ప్రింటింగ్ ప్రెస్సులో బైండింగ్ సెక్షన్ చూస్తాడు. పనికి వంక పెట్టడానికి లేదు గానీ, ఆయన నోట్లో పడిన మనిషికి తోలు మిగలదు. అందుకే సెక్షన్లో వాళ్లు చాటుగా ఆయన్ని ఉప్పుకాగితం అంటారు. శనివారం డాక్టరు బీపీ పట్టీ విప్పుతూ, "గుండె బాగుంది, రక్తం బాగుంది, మీ కోపమే బాగాలేదు. రోజూ ముగ్గురికి మనస్ఫూర్తిగా ఒక్కో మంచిమాట చెప్పండి. నెల తర్వాత రండి, మాత్రలు కావాలో వద్దో అప్పుడు చూద్దాం" అన్నాడు. ఈ సంగతి ఆయన ఇంట్లో చెప్పలేదు. తిట్టడం మానమని డాక్టరు చీటీ రాసిచ్చాడని తెలిస్తే ఇంట్లోవాళ్లు దాన్ని పటం కట్టించి గోడకు తగిలిస్తారు. "డాక్టరేమన్నారు?" అని భార్య అడిగితే, "ఏముంటుంది" అని మొహం తిప్పుకుని, రిపోర్టుల కవరు బీరువాలో చొక్కాల అడుక్కి తోసేశాడు.

భార్య కాఫీ తెచ్చి ఇచ్చింది. ఆయన ఒక గుక్క తాగి, గొంతు సవరించుకుని, "కాఫీ బాగుంది" అన్నాడు.

"ఏం తక్కువైంది?" అంది ఆవిడ అలవాటు కొద్దీ.

"ఏమీ తక్కువ కాలేదు. ఇన్నేళ్లుగా బాగానే ఉంది. నేనే ఎప్పుడూ చెప్పలేదు. నిన్ను చాలా కష్టపెట్టాను."

చివరి మాట ఆయన అనుకున్నది కాదు, ఊపులో వచ్చింది. ఒకటి పూర్తయిందన్న తృప్తితో చెప్పులు వేసుకుని వెళ్లిపోయాడు. ఆవిడ మాత్రం ఖాళీ గ్లాసు పట్టుకుని గుమ్మంలోనే నిలబడిపోయింది.

రెండోది కష్టమైనది. మూడేళ్ల కిందట చుట్టాలందరి మధ్య బావమరిది పాట ఎత్తుకుంటే, "ఇప్పుడు కరెంటు పోతే ఎంత బాగుండు" అని ఈయన పక్కాయనతో అన్నాడు. పక్కనే ఉన్న మైకు ఆ మాటను హాలంతా వినిపించింది. ఆనాటి నుంచి ఇద్దరికీ మాటల్లేవు. బస్సులో కిటికీ పక్కన కూర్చుని ఆయన ఫోన్ చేశాడు.

"నేనురా, బావని. నీ గొంతు బాగుంటుంది. ఆ రోజు నేనలా అనకుండా ఉండాల్సింది. మనసులో పెట్టుకోకు."

అవతల బావమరిది చాలా మెత్తగా అడిగాడు. "బావా, కూర్చునే ఉన్నావా?"

"బస్సులో కూర్చున్నా."

"పక్కన ఎవరైనా ఉన్నారా?"

"ఎవరో ఉన్నారు. ఏం?"

"ఏం లేదు. జాగ్రత్తగా దిగు."

ఆ ఫోన్ పెట్టిన మరుక్షణం బావమరిది అక్కకు చేశాడు. "అక్కా, బావ నా గొంతు బాగుంటుందన్నాడు."

ఆవిడ అక్కడే కూలబడింది. "నాతో కాఫీ బాగుందన్నార్రా. నిన్ను కష్టపెట్టాను అన్నారు. శనివారం డాక్టరు దగ్గరికెళ్లొచ్చారు. ఏమన్నారంటే మొహం తిప్పుకున్నారు."

"నేను బయల్దేరుతున్నా. నువ్వేమీ తెలియనట్టే ఉండు" అన్నాడు తమ్ముడు.

ప్రెస్సులో మూడోవాడు కటింగ్ మెషిన్ ఆపరేటరు. ఇరవై ఏళ్లుగా ఉప్పుకాగితం కింద అరిగిన మనిషి. నోటుపుస్తకాల దొంతి కత్తి కింద పెట్టి కొలత సరిచూసుకుంటుండగా సూపర్‌వైజరు వెనకనుంచి భుజం మీద చెయ్యి వేశాడు. "నీ కోత గీత గీసినట్టుంటుంది. నీలాంటి పనివాడు మళ్లీ దొరకడు."

ఆపరేటరు ఉలిక్కిపడ్డాడు. కొలత జరిగింది, కత్తి దిగింది. జరిగిన కొలత మీదే మరో ఏడు దొంతులూ కోశాడు, ఎందుకంటే ఆ కాసేపు అతనికి ఏమీ కనిపించలేదు. తేరుకుని చూసుకుంటే నాలుగు వందల పుస్తకాలు అంగుళం పొట్టిగా ఉన్నాయి. సెక్షనంతా పని ఆపి తలలు దించుకుంది.

సూపర్‌వైజరు ఒక పుస్తకం తీసుకుని తిరగేశాడు. మెడ మీద నరం లేచింది. చెప్పిన మంచిమాటను పది నిమిషాల్లో నోటితోనే చెరిపేయడం ఆయనకు బాగోలేదు. నరాన్ని మింగి, "పోనీలే, చిన్న పుస్తకాలు కూడా ముచ్చటగా ఉంటాయి" అన్నాడు.

ఆపరేటరు తిన్నగా మేనేజరు గదిలోకి వెళ్లాడు. "సార్, నాలుగొందల పుస్తకాలు పాడైతే ఆయన పోనీలే అన్నారు. అరవలేదు సార్. నాకు భయమేస్తోంది."

మేనేజరు సూపర్‌వైజరు ఇంటికి ఫోన్ చేశాడు. సంగతేమిటో అడిగేలోపే అవతల ఆవిడ, "మీకూ తెలిసిపోయిందా సార్" అని బావురుమంది.

పావుగంటలో మెషిన్ల దగ్గరి ఫ్యాను సూపర్‌వైజరు టేబుల్ వైపు తిరిగింది. ఎవరో ఎత్తు పీట తెచ్చి కాళ్ల కింద పెట్టారు. మేనేజరు స్వయంగా వచ్చి, "మీరివాళ కారులో ఇంటికెళ్లండి. ఈ కుర్చీ ఎప్పటికీ మీదే" అని చెయ్యి పట్టుకుని చాలాసేపు వదల్లేదు. మంచిమాటకు ఇంత మహిమ ఉందా అని సూపర్‌వైజరు ఆశ్చర్యపోయాడు.

ఇంటి ముందు బావమరిది బూట్లు కనిపించాయి. భార్య కళ్లు వాచి ఉన్నాయి. అడక్కుండానే వీపు వెనక దిండు వచ్చింది. ఆయనకు ఎక్కడో తేడా కొట్టింది. పరీక్షించడానికి, "ఈ గోడలకు ఊదారంగు వేయిస్తే బాగుంటుంది" అన్నాడు.

"చాలా బాగుంటుంది బావా" అన్నాడు బావమరిది. పుట్టాక అతను బావ మాటకు అవునన్నది అదే మొదటిసారి.

మంచినీళ్ల కోసమని లేచిన సూపర్‌వైజరుకు వంటింట్లోంచి భార్య గుసగుస వినిపించింది. "మనకు తెలుసని ఆయనకు తెలియనివ్వకు. ఉన్నన్నాళ్లు నవ్వుతూ ఉండనీ."

అయితే డాక్టరు తనకు అబద్ధం చెప్పి, అసలు నిజం ఇంట్లోవాళ్లకు చెప్పాడన్నమాట. ప్రెస్సుకు కూడా. అందుకే ఫ్యాను, అందుకే పీట. గోడ పట్టుకుని వచ్చి కుర్చీలో పడి, బావమరిదిని పిలిచాడు.

"ఒరేయ్, అక్కని చూసుకోవాలి నువ్వు."

బావమరిది ఆయన మోకాళ్ల దగ్గర కూర్చుని వలవలా ఏడ్చాడు. "చూసుకుంటా బావా. ఎన్నాళ్లన్నారు?"

"నాకు చెప్పలేదురా. నీకెన్నాళ్లని చెప్పారు?"

"నాకెవరు చెబుతారు? అక్క చెప్పింది."

"అక్కకెవరు చెప్పారు?"

ఇద్దరూ ఆవిడ వైపు తిరిగారు. ఆవిడ కొంగుతో కళ్లు తుడుచుకుంటూ, "మీరేగా" అంది.

"నేనేం చెప్పాను?"

"కాఫీ బాగుందన్నారుగా పొద్దున."

సూపర్‌వైజరు లేచి వెళ్లి చొక్కాల అడుగున ఉన్న కవరు తెచ్చి ఆవిడ చేతిలో పెట్టాడు. ఆవిడ చివరి చీటీని రెండుసార్లు చదివి, తమ్ముడికి అందించింది. తమ్ముడు చదివి మడత పెట్టాడు. మడత పెట్టేసరికి ఏడుపు పోయి పౌరుషం వచ్చింది.

"అయితే నా గొంతు సంగతి మందుచీటీ ప్రకారం చెప్పావా?"

సూపర్‌వైజరు ఈసారి ఆలోచించి నోరు విప్పాడు. "గొంతు సంగతి ఆ రోజు మైకులో చెప్పిందే. కానీ మూడేళ్లు మాట్లాడని మనిషి కోసం గంటలో వచ్చావు. ఇది చీటీలో లేదు, నేనే చెబుతున్నా."

బావమరిది జేబుగుడ్డతో ముక్కు చీదుకుని, ఆయన వీపు వెనక దిండు లాక్కుని తన వెనక పెట్టుకున్నాడు.

"డాక్టరు మంచి మందే రాశాడు" అంది భార్య. "కానీ మోతాదు మీ ఒంటికి ఎక్కువైంది. రోజుకొకటి చాలు. అదీ ముందు చెప్పి వేసుకోండి."

మర్నాడు ఆయన ప్రెస్సులో అడుగుపెట్టేసరికి సెక్షనంతా ఊపిరి బిగబట్టి నిలబడి ఉంది. ఆయన ఫ్యాను మళ్లీ మెషిన్ల వైపు తిప్పాడు, పీటను కాలితో తోశాడు, పొట్టి పుస్తకం ఒకటి పైకెత్తి, "ఇవి కోసింది చేత్తోనా, పళ్లతోనా?" అన్నాడు.

ఆపరేటరు కళ్లనిండా నీళ్లతో, "క్షమించండి సార్" అన్నాడు.

మధ్యాహ్నానికల్లా సెక్షన్లో అందరి ఆరోగ్యం కుదుటపడింది.