మాట్లాడని వంద నంబరు

శనివారం ఉదయం ఏడింటికి దేవరాపల్లిలో అక్క రిసీవరు ఎత్తుతుంది. చోడవరంలో తమ్ముడి ఇంట్లో ఫోను మోగుతుంది. ఇద్దరూ నాలుగు మాటలు మాట్లాడుకుంటారు. తర్వాత టిఫిను తిని కాలేజీకి వెళ్ళాలి. దయాసాగర్ వేసుకున్న పథకం ఇంతే.

జూనియర్ కాలేజీలో అతను ఇరవయ్యేళ్ళుగా ఫిజిక్స్ చెబుతున్నాడు. అక్క స్వర్ణకుమారి నర్సుగా చేసి రిటైరైంది. ఈమధ్య చూపు మందగించి, సెల్‌ఫోనులో ఒకరికి చెయ్యబోయి ఇంకొకరికి చేస్తోంది. స్నానానికి బయల్దేరిన పాస్టరుగారికి ఒకే వారంలో మూడుసార్లు వీడియో కాల్ వెళ్ళాక ఆ ఫోనుని బియ్యం డబ్బాలో పడేసింది. "ఎత్తితే పలకాల, దించితే ఊరుకోవాల. ఫోనంటే అదిరా," అని తేల్చేసింది. అక్క గొంతు విని నెల దాటేసరికి దయాసాగర్‌కి తోచలేదు.

అందుకని రెండు చిన్న పెట్టెలు తెప్పించాడు. అరచేతిలో పట్టే పెట్టెకి ఒక పక్క ఇంటర్నెట్ వైరు, రెండో పక్క మామూలు ఫోను. మధ్యలో ఫోను కంపెనీ లేదు, ఎక్స్ఛేంజి లేదు. నెట్ వాళ్ళనడిగి రెండిళ్ళకీ ఎప్పుడూ మారని ఇంటర్నెట్ అడ్రసులు పెట్టించాడు. ఆ అడ్రసులో ఉన్న అంకెలే ఫోను నంబరు. గురువారం దేవరాపల్లి వెళ్ళి, అక్క రిసీవరు ఎత్తగానే దానంతటదే తన ఇంట్లో ఫోను మోగేలా అమర్చి వచ్చాడు. ఒక ఇల్లు ఇంకో ఇంటిని పేరు పెట్టి పిలిచినట్టు ఉంటుంది కదా అనుకుంటేనే అతని ఒళ్ళు గగుర్పొడిచింది.

సరిగ్గా ఏడింటికి ఫోను మోగింది.

"మోగింది! డెబోరా, మోగింది!" అని భార్యని కేకేసి, రెండు చేతులతో రిసీవరు ఎత్తాడు. "అక్కా! హలో!"

అవతల చీమ చిటుక్కుమన్న శబ్దం లేదు.

"అక్కా, నాకేటీ వినపడట్లేదు. హలో! ఒక్క ముక్క వినపడట్లేదక్కా!" అని గొంతు పోయేలా అరిచి పెట్టేశాడు.

టిఫిను పక్కకి జరిగింది. కాలేజీకి సెలవు పెట్టాడు. రౌటరు ముందు కూర్చుని గంటసేపు తంటాలు పడ్డాక కిటుకు అర్థమైంది. పిలుపుని లోపలికి రానిస్తున్న రౌటరు, దాని వెనకాల వచ్చే మాటని మాత్రం గుమ్మం దగ్గరే ఆపేస్తోంది. సరే, ఈ పెట్టెకి ఏదొచ్చినా ఆపకుండా పంపెయ్యమని ఒక్క నొక్కుతో తలుపులన్నీ తెరిచేశాడు. దేవరాపల్లికి తిరిగి ఫోను చేశాడు. అక్కడ మోగుతోంది కానీ ఎవరూ ఎత్తలేదు. పెరట్లో ఉందేమోననుకుని మొహం కడుక్కోవడానికి వెళ్ళాడు.

ఫోను మోగింది. డెబోరా పరుగెత్తుకెళ్ళి, ఎత్తకుండానే ఆగిపోయింది. ఫోను మీది చిన్న అద్దంలో '100' అని వెలుగుతోంది.

"ఏవండీ! పోలీసులు!"

దయాసాగర్ సబ్బు మొహంతో వచ్చి ఎత్తాడు. అవతల మౌనం. పెట్టేశాడు. రెండు నిమిషాలకి మళ్ళీ వంద, మళ్ళీ మౌనం. మూడోసారికి డెబోరా కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

"కంపెనీలూ ఎక్స్ఛేంజీలూ లేకుండా ఫోనేటండీ? నేరవేఁ అయ్యుంటది. ఇంట్లో ఉన్నారో లేదో సూసుకుంటన్నారు. ప్రభువా!"

ఆ 'ప్రభువా' గోడ దాటింది. పక్కింటి నూకరత్నం వచ్చి సంగతంతా విని, ధైర్యం చెప్పడానికి తన తమ్ముడు సత్తిబాబుకి కబురు పెట్టింది. సత్తిబాబు హెడ్ కానిస్టేబులు. డ్యూటీకి వెళ్తున్నవాడు యూనిఫాంలోనే వచ్చి గుమ్మం ముందు బండి ఆపాడు. మేష్టారి ఇంటి ముందు పోలీసు బండి ఆగాక వీధి ఊరుకుంటుందా? పాలవాడితో మొదలై పది నిమిషాల్లో పాతికమంది పోగయ్యారు.

"మా స్టేషన్నుంచి ఎవులూ సెయ్యలేదు మేస్టారూ. నేను కనుక్కునే వచ్చేను," అంటూ సత్తిబాబు కుర్చీలో కూర్చున్నాడో లేదో ఫోను మోగింది. అద్దంలో వంద. సత్తిబాబు లేచి నిలబడి, చొక్కా పై బొత్తం పెట్టుకుని రిసీవరు ఎత్తాడు.

"నమస్తే సార్! హెడ్ కానిస్టేబుల్ సత్తిబాబు సార్!"

మౌనం. పై అధికారులు మాత్రమే పాటించగల మౌనం.

"సార్... సార్." ఖాళీగా ఉన్న చేత్తో సెల్యూట్ కొట్టాడు. "అవున్సార్. మొన్న బందోబస్తుకి లేటయిన మాట నిజమే సార్. మా మావకి బాగులేదని సెప్పింది అబద్ధం సార్. సినిమాకి ఎల్లేను సార్."

టక్కున లైను తెగింది. సత్తిబాబు రిసీవరుని కోడిగుడ్డుని దించినంత జాగ్రత్తగా దించాడు. "ఒక్క మాట మాటాడలేదు మేస్టారూ. ఆరికి అన్నీ తెలుసు," అన్నాడు నీరసంగా.

సరిగ్గా అప్పుడే గుమ్మం దగ్గర ఆటో ఆగింది. చేతిలో నర్సు సంచీతో స్వర్ణకుమారి దిగింది. గుంపునీ పోలీసునీ దాటుకుని తిన్నగా వచ్చి తమ్ముడి బుగ్గలు రెండు చేతులా పట్టుకుంది. చెవి చూపించింది, నోరు బార్లా తెరిచి ఒక్కో అక్షరం విడదీసింది.

"నీ-కు... వి-న-ప-డ-తం-దా?"

దయాసాగర్ నిలువునా బిత్తరపోయాడు. ఆమె సంచీలోంచి టార్చి తీసి చెవిలోకి వెలుతురు కొట్టింది.

"అక్కా! నాకు బాగానే వినపడుతోంది!"

"మరి ఒక్క ముక్క వినపడట్లేదని పొద్దున్న అంతలా ఏడిసేవేటిరా? నేనక్కడ గొంతు సించుకుంటన్నాను. ఉన్నట్టుండి సెవుడొచ్చిందంటే నరం దెబ్బతిందేమోనని, సెప్పులు కూడా ఏసుకోకుండా వచ్చేను!"

దయాసాగర్ ఆమె పాదాల వైపు చూశాడు. నిజంగానే చెప్పులు లేవు. కుర్చీ జరిపి ఆమెని కూర్చోబెట్టాడు.

"అయితే... నా మాట నీకు వినపడిందా అక్కా?"

"పక్కన కూకుని మాటాడినట్టే వినపడింది."

అతను పెట్టె వైపు తిరిగాడు. అంటే వెళ్ళింది! ఎవరి దయా లేకుండా తన గొంతు చెరకు తోటలు దాటి అక్క చెవి చేరింది! ఆ ఊపులో కంప్యూటర్లో పెట్టె లోపలి చిట్టా తెరిచి, వంద నంబరు పిలుపులు ఎక్కడివో చూశాడు. ఒకటి ఐరోపా నుంచి, ఇంకొకటి సముద్రాల అవతల ఏదో దీవి నుంచి. ఒక్కటీ మన దేశానిది కాదు.

"ఇవి మనుషులు కావు," అన్నాడు మెల్లగా. "యంత్రాలు. దొంగ ఫోన్లు చేసుకోడానికి తెరిచిన పెట్టెలున్నాయేమోనని లోకంలో ఉన్న అడ్రసులన్నీ వరసగా తట్టుకుంటూ పోతాయి. వంద అన్నది అవి పెట్టుకున్న దొంగ పేరు. నేను తలుపు తీసిన పది నిమిషాలకే మన సందు కనిపెట్టేశాయి!"

పాతికమందీ ఆ పెట్టెని దేవుడి పటాన్ని చూసినట్టు చూశారు. సత్తిబాబు ఒక్కడే కంగారు పడ్డాడు.

"అయితే నా సినిమా సంగతి ఆ దేశాలకి ఎల్లిపోయిందా?"

"ఆటికి తెలుగు రాదులే," అని నూకరత్నం తమ్ముణ్ణి ఓదార్చింది.

దయాసాగర్ అక్క ఇంటి అడ్రసుకి తప్ప ఎవరికీ తలుపు తియ్యొద్దని పెట్టెకి చెప్పాడు. వంద నంబరు నోరు మూసింది. ఇక పరీక్ష చెయ్యాలంటే దేవరాపల్లిలో ఫోను ఎత్తే మనిషి ఇక్కడే ఉంది. అయినా మనసు ఆగక అంకెలు నొక్కాడు. ఖాళీ ఇంట్లో ఫోను మోగుతోంది. రిసీవరు చేతులు మారింది. ఒక్కొక్కరే చెవి ఆనించి ఊపిరి బిగబట్టి విన్నారు. స్వర్ణకుమారి వంతు వచ్చేసరికి అవతల ఎవరో ఎత్తారు.

"ఎవులది?"

స్వర్ణకుమారి గుండె పట్టుకుంది. "మా ఇంట్లో నువ్వెవులివే?"

"నేను సిన్నారినమ్మా, ఎదురింటి సిన్నారిని! తలుపు బార్లా ఒగ్గీసి ఎల్లిపోయేవేటి? పొయ్యి మీద పాలు మాడి ఇల్లంతా పొగ. ఫోను అదేపనిగా మోగుతంటే సూద్దారని లోపలికి వచ్చేను. గేసు కట్టీసేను. ఇంకాస్సేపైతే ఏటయ్యేదో తెల్దు తల్లీ!"

గదంతా వినపడ్డ ఆ గొంతు ఎంత స్పష్టంగా ఉందంటే, స్వర్ణకుమారి ముక్కు ఎగబీల్చి పొగ వాసన చూసింది. డెబోరా "స్తోత్రం" అంది. ఎవరూ చెప్పకుండానే సత్తిబాబు టోపీ తీశాడు.

ఇది జరిగి మూడు వారాలైంది. స్వర్ణకుమారి ఇంకా చోడవరంలోనే ఉంది. రోజూ ఉదయం ఏడింటికి మరదలి చేత అంకెలు నొక్కించి, మొక్కలకి నీళ్ళు పోశావా, తలుపు గడియ పెట్టావా అని చిన్నారిని అడుగుతుంది. ఆ ఫోనులో తమ్ముడితో మాట్లాడే అవసరం మాత్రం ఇంతవరకూ రాలేదు, అతను పక్కగదిలోనే ఉంటున్నాడు.