రెక్కలొచ్చే దాకా

పురుగుల నివారణ కార్యాలయం చక్కగా పనిచేస్తోంది. ఉదయం పది నుంచి సాయంత్రం ఐదు దాకా అక్కడి అధికారి కంట ఒక్క పురుగూ పడలేదంటే ఇంకేం కావాలి?

క్యాబేజీ తోట పెద్దమ్మకు మాత్రం ఆ భాగ్యం లేదు. ఇల్లు గడిచేది ఆ అరెకరం మీదే. నాటిన వారానికే మొక్కలు మొదలు దగ్గర తెగి, తెల్లారేసరికి వరసలు వరసలుగా వాలిపోతుంటే, మందు కోసం ఆ కార్యాలయానికి పరుగెత్తింది. మందివ్వాలంటే తనిఖీ చెయ్యాలన్నారు. అధికారి మధ్యాహ్నం మూడింటికి వచ్చి, బూట్లకు మట్టి అంటకుండా గట్టు మీదే నిలబడ్డారు.

"పురుగేదమ్మా?"

"రాత్రిళ్ళు కొరుకుతుంది బాబూ, పగలు మట్టిలో దాక్కుంటుంది." పెద్దమ్మ తెగిన మొక్క పక్కన వేలితో తవ్వింది. మట్టిరంగు పురుగొకటి ఉంగరంలా చుట్టుకుని హాయిగా పడుకుని ఉంది.

అధికారి సంచిలోంచి పటం తీసి చూశారు. "ఇందులో ఉన్నదానికి రెక్కలున్నాయే! దీనికేవీ?"

"పెరిగితే వస్తాయి."

"అయితే పెరగనివ్వండి. ఎవరో తేలకుండా శిక్షిస్తే న్యాయమా?"

అంతటి ధర్మాత్ముడి మాట కాదనలేక, పెద్దమ్మ దాన్ని సీసాలో మట్టి పోసి పెట్టింది. రోజూ లేత ఆకులు తుంచి మేపింది. కన్నబిడ్డలకు కూడా వేళకింత పెట్టి ఎరగదు. అది బుద్ధిగా తిని, బలిసి, మట్టిలోకి దిగి గోధుమరంగు గింజలా బిగుసుకుంది. బయట ఉన్న వందల పురుగులు మాత్రం తనిఖీ పూర్తయ్యేదాకా ఆగుదామని అనుకోలేదు.

మూడు వారాలకు సీసాలో రెక్కలాడాయి. అధికారి ఉప్పొంగిపోయారు.

"శాస్త్రం గెలిచింది! ఇటువంటి ఓర్పుగల రైతులే జాతికి వెన్నెముక!" అని గట్టు మీదనుంచే ఉపన్యసించి, తోటవైపు చూశారు. "ఇంతకీ మందు దేనికి కొట్టాలి?"

మొక్క ఒక్కటీ మిగల్లేదు.

"తోటలో ప్రస్తుతం ఏ మొక్కా తెగడం లేదు, పురుగు బెడద లేదు" అని నివేదిక రాశారు. అందులో అబద్ధం ఎక్కడుందో పెద్దమ్మకు దొరకలేదు. పురుగుందని పొక్కితే తన కూరగాయలెవరూ కొనరేమోనని పక్క టమాటా తోటాయన సాక్షి సంతకం చేసిపెట్టాడు.

వారం తిరక్కుండానే ఆయన పరుగున వచ్చాడు. "అక్కా, మా మొక్కలు మొదలంటా తెగి పడుతున్నాయి! కార్యాలయానికి కాస్త తోడు రావూ?"

"పురుగు లేదని సంతకం పెట్టింది నువ్వేగా తమ్ముడూ?"

తమ్ముడు నొచ్చుకున్నాడు. "నీ తోటలో లేదని పెట్టానక్కా. మా తోటలో లేదని ఏనాడైనా అన్నానా?"