మూత మీద మొదటి రకం

ఆ ఉదయం అల్లుడు వేసుకున్న పథకం చాలా చిన్నది. ఒక సీసా నూనె మామగారి మోకాళ్లకు, ఇంకో సీసా తన బూట్లకు. ఈమూ పక్షి కొవ్వు నుంచి తీసిన నూనె ఏ రకానిదో తేల్చడం అతని ఉద్యోగం. వాసన లేకుండా తేటగా ఉంటే మొదటి రకం, ఒంటికి రాసుకోవచ్చు. పచ్చగా మారి కంపు కొడితే చివరి రకం, తోలుకు పనికొస్తుంది.

పెళ్లయినప్పటి నుంచీ మామగారు అతనితో నేరుగా మాట్లాడలేదు. కొవ్వు వాసన చూడటం కూడా ఒక ఉద్యోగమేనా అని ఆయన బాధ. మోకాళ్లు పట్టేసి కూతురింటికి వచ్చాక కూడా ఏదైనా కూతురితోనే చెప్పించేవారు. ఈ నూనెతోనైనా ఆయన చేత పలికించుకోవాలని అల్లుడి ఆశ.

జిడ్డుకి చీటీలు నిలవవని వాళ్ల ఫ్యాక్టరీలో రకం మూత మీదే రాస్తారు. ఆ సంగతి తెలియని భార్య ముదురు రంగు సీసాలు రెండింటినీ శుభ్రంగా తుడిచి, చేతికందిన మూత బిగించింది. అల్లుడికి జలుబు. పైగా మూత చదివాక నూనె వంక చూసే అలవాటు అతనికి లేదు. మేలురకం నూనెతో బూట్లు తళతళలాడాయి.

రోజూ సాయంత్రం రెండో సీసా నూనెతో మామగారి మోకాళ్లు ఓపిగ్గా రుద్దాడు. "మీ ఆయన్ని కాస్త మెల్లిగా రుద్దమనమ్మా," అన్నారు మామగారు, తన కాలు పట్టుకుని కూర్చున్న అల్లుడి గురించి. కొద్ది రోజులకే వీధి చివరిదాకా నడిచొచ్చారు. అది చూసి పక్కింటావిడ పగిలిన మడమలకని కాస్త పట్టుకెళ్లింది. మంగలి ఏకంగా తన బట్టతలకే పట్టించుకున్నాడు.

జలుబు తగ్గిన రోజు మూత తీసిన అల్లుడికి చివరి రకం కంపు గుప్పున కొట్టింది. పరుగున వెళ్లి చెబితే, ఇంకొంచెం ఇవ్వాల్సొస్తుందనే ఈ కథలన్నీ అని పక్కింటావిడ మూతి తిప్పుకుంది. మంగలి అద్దం ముందు నిలబడి, కొత్తగా మొలిచిందంటూ ఒక వెంట్రుక చూపించాడు.

ఇక మిగిలింది మామగారు. చెప్పకపోతే ఆయనకు తెలియదు, చెబితే పడిన శ్రమంతా నీళ్లపాలు. అయినా తప్పుడు రకం తేల్చి ఎరగని మనిషి, వెళ్లి చెప్పేశాడు.

ఆయన మోకాళ్లు ఒకసారి తడుముకున్నారు. "జలుబు నీకు గానీ నాక్కాదు కదా అల్లుడూ. మొదటి రోజే కంపు కొట్టింది."

"మరి చెప్పలేదేం మావయ్యా?"

"చెబితే సీసా తీసుకుని లేచిపోతావుగా. నా పక్కన అంతసేపు ఎవరు కూర్చుంటున్నారని?"

ఇన్నాళ్లూ ఈ మనిషి విషయంలోనే తాను పొరబడ్డానని అల్లుడికి సిగ్గేసింది. మర్నాడు అసలైన మొదటి రకం తెచ్చి రాశాడు.

ఇది అంతగా పనిచేయడం లేదని, ఇంకాసేపు రుద్దాల్సి ఉంటుందని మామగారు నేరుగా అతనికే చెప్పారు.